పన్నెండు జీబీల గాలి

రాత్రి పదకొండున్నర. సత్యనారాయణపురంలో
మేడమీద రేకుల గది.
ఫ్యాను ఆపేశాను,
దాని గాలేదో వేణువు గాలేదో తేలడం లేదు.

కారం పొడి ప్రకటన. ముప్పై సెకన్లు.
"కొంచెం ఫారిన్‌గా ఉండాలన్నా,
కానీ వినగానే మనదే అనిపించాలి" అన్నాడు
కారం మిల్లు వీరరాఘవులు గారబ్బాయి.

అందుకని దేశాలన్నీ తెరిచి కూర్చున్నాను.
ఫోల్డర్లలో దేశాలు, దేశాల్లో వాద్యాలు,
ఒక్కో వాద్యంలో మెల్లగా, గట్టిగా, మరీ గట్టిగా.
జపాను కోటో: చూరు నీళ్ళు. నాకు మంట కావాలి.
మాలి దేశపు కోరా: ఇరవై ఒక్క తీగలు
నా రెండు వేళ్ళ కింద పరిగెడుతున్నాయి.
ఆ పరుగు నేర్వడానికి ఎవరికో పదేళ్ళు,
నాకు పది రోజుల ఉచిత ట్రయల్.
ఆర్మేనియా డుడుక్: పన్నెండు జీబీల గాలి.
బాగుంది గానీ, కారానికి ఇంత దుఃఖమా?

ఇండియా అని ఓ ఫోల్డరుంది.
సితారు, తబలా, మళ్ళీ సితారు.
డోలు లేదు. మన సన్నాయి లేదు.
షెహనాయ్ ఉంది. మన పెళ్ళిపందిట్లో
చెప్పులెక్కడ విడవాలో తెలియక
గుమ్మంలోనే నిలబడ్డ చుట్టంలా ఉంది.

ఇరవై రెండేళ్ళు పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించాను.
ముహూర్తానికి మమ్మల్ని ఆపమనేవారు.
అప్పుడు లేచేవారు చిలకలూరిపేట దస్తగిరిగారు.
పీక నాలుక మీద తడుపుకుని, ఓ గుటక వేసి, ఊదేవారు.
ఆ గుటక స్పీకర్లలో పడకుండా
నేనే మైకు తగ్గించేవాణ్ణి.
అదో పనితనం అనుకునేవాణ్ణి.

ఒంటిగంటకి మళ్ళీ డుడుక్ దగ్గరికే వచ్చాను.
ఒకటే స్వరం నాలుగుసార్లు వాయించి పెట్టారు,
వరసగా నొక్కితే మిషనులా ఉండకూడదని.
ఒకటి. రెండు. మూడు.
నాలుగోదాని ముందు ఎవరో గుటక వేశారు.
కోసి పారేయడం మర్చిపోయారు పాపం.
మళ్ళీ నొక్కాను. ఒకటి, రెండు, మూడు, గుటక.
ఏ చలిగదిలోనో, పక్కన టీ చల్లారుతుంటే,
స్వరానికింతని మాట్లాడుకుని
ఒక్క పాటా వాయించకుండానే
ఇంటికెళ్ళిపోయిన మనిషి.

మా వీధి చివర రోడ్డున్న చోట రైలు పట్టాలుండేవి.
తీసేసి ఏళ్ళయింది.
కింది వాటా మంగతాయారుగారు ఇప్పటికీ
రెండున్నరకి మెలకువొచ్చి
అలమరాలో గాజుగ్లాసులు పట్టుకుంటారు.
ఇవాళ కూడా లైటు వెలిగింది.
నేను నాలుగోదాన్ని ఉంచేసి, పంపేశాను.

పొద్దున్నే వీరరాఘవులు గారబ్బాయి ఫోను:
"అదరగొట్టావన్నా! చివర్లో ఆ గుటక ఉంది చూడూ,
మా నాన్నకి నోరూరిపోయిందంట!"

బిల్లు రాశాను. సంగీతం, ఆరువేలు.
ఇంకో గీత గీసి, దానిమీద ఏం రాయాలో తెలియక
కలం మూత పెట్టేశాను.

ఇడ్లీ తిన్నాక దస్తగిరిగారి నంబరు వెతికాను.
ఒక్క స్వరం, నాలుగుసార్లు కావాలంటే నవ్వుతారేమో.
ఎంతిస్తావని అడిగితే మాత్రం
ఏం చెప్పాలో అనుకోలేదు.
రింగవుతోంది.
ఆయన కాలరు ట్యూను
సితారు.