అద్దం మీద ముక్కుల లెక్క

హీయుమా దీవి మ్యూజియం
తొమ్మిదింటికి తెరుస్తారు.
ఎనిమిదింటికే వస్తుంది లేయిదా
వెనిగర్ నీళ్ళ సీసా, పాత బనియను గుడ్డతో.
మూడో అద్దాలపెట్టె ముందు ఆగి
మరకలు లెక్కపెట్టాకే తుడుస్తుంది.
"నిన్న పదకొండు ముక్కులు,
నాలుగు నుదుళ్ళు, ఒక నాలుక" అంది నాతో,
చాకలి పద్దు చదివినంత మామూలుగా.

నేనప్పుడే పడవ దిగాను,
నా వెనక తార్మో, వాడి భుజాన వైర్ల చుట్ట,
ఇద్దరి మధ్య తలుపంత తెర.
చూసేవాళ్ళకీ వస్తువుకీ నడుమ వంతెన కడతానని
డబ్బులడిగిన కాగితంలో రాసింది నేనే.

పెట్టెలో ఉన్నది ఒకే ఒక్క తొడుగు.
ఎడమచేతిది. ఊలుది.
నలుపూ తెలుపూ గళ్ళు, మణికట్టు దగ్గర ఎర్రంచు.
మంచు మీద సీల్ వేటకెళ్ళిన మనిషి రాలేదు,
ఏప్రిల్‌లో మంచు విరిగాక ఇది ఒడ్డుకొచ్చింది.
కుడిది ఏమైందో చీటీలో లేదు.

తెర పెట్టాం.
వేలితో తోస్తే తొడుగు గిర్రున తిరిగేది,
కుట్టు కుట్టూ గుమ్మడికాయంత అయ్యేది,
ఐదు భాషల్లో తన కథ తనే చెప్పుకునేది.
మొదటి వారానికే నా పట్టిక వెలిగిపోయింది:
మనిషికి సగటున మూడు నిమిషాల పద్నాలుగు సెకన్లు!
తార్మో కేకు తెచ్చాడు.

లేయిదా కేకు ముట్టలేదు.
"ఈ వారం అద్దం తుడిచే పని తప్పింది" అంది.
మెచ్చుకుందనుకున్నాను.
రాత్రి కెమెరాలో చూస్తే
అందరి మొహాలూ తెరకి, అందరి వీపులూ తొడుగుకి.
పెళ్ళికొచ్చి, పెళ్ళికూతుర్ని ఫొటోలో చూసి
భోంచేసి వెళ్ళిపోయినట్టు.

మర్నాడు ఏడున్నరకే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.
ఆవిడ రసీదు పుస్తకం తీసింది.
తొమ్మిదేళ్ళ ముక్కులు, తేదీలతో సహా.
"అన్నీ ఎడమ మూలనే, చూశావా?
అక్కణ్ణించయితే బొటనవేలి కింద చిరుగు కనిపిస్తుంది.
నీలం దారంతో ఎవరో రఫూ చేశారు.
నల్ల దారం అయిపోయిందేమో ఆ రోజు."
నా ఐదు భాషల్లో ఒక్కదాంట్లోనూ
నీలం దారం లేదు.

"చేతులో?" అన్నాను.
"ఎడమ చెయ్యే ఆనిస్తారు, కొలత చూసుకుంటారు.
పట్టినవాడు ఇంకా ఎవడూ రాలేదు."

తెర తీసేశాం.
పోస్టాఫీసు ఒలెవ్ కుడిచేతి తొడుగు అల్లిచ్చాడు,
లోపల వెంట్రుకంత తీగ, అరచేతిలో బటాణీగింజంత చిప్పు.
పెట్టె బయట కొయ్యమేకుకి తగిలించాం.
చెయ్యి దూరిస్తే ముందు చల్లగా ఉంటుంది,
మెల్లగా, చాలా మెల్లగా వేడెక్కుతుంది.
వేడెక్కేకొద్దీ లోపల ఒక దీపం
నీలం దారం మీదికి పాకుతుంది.
అంతే.
"అంతేనా?" అన్నాడు తార్మో.

పిల్లలు అందులో చూయింగ్‌గమ్ దాచారు.
చెమటకి ఊలు ముడుచుకుంది, రెండుసార్లు మళ్ళీ అల్లాడు ఒలెవ్.
ఆదివారాలు చిప్పు ఎందుకు అలుగుతుందో
ఇప్పటికీ నాకు తెలీదు.

నవంబరులో ఒక వాన మధ్యాహ్నం
వల వాసన వేసే మనిషొకడు తొడుగులో చెయ్యి పెట్టాడు.
పదకొండు నిమిషాలు తియ్యలేదు.
ఏదో ఇరుక్కుందనుకుని యంత్రం
తనంతట తనే ఆగి, మళ్ళీ మొదలైంది.
దీపం ఆరింది. చెయ్యి చల్లబడి ఉంటుంది.
అతను కదల్లేదు.
పట్టికలో ఆ గడి ఎర్రగా వచ్చింది: లోపం.
సవరించడానికి కూర్చున్నాను,
ఎంతసేపయితే ఎక్కువో అంకె వెయ్యమంటోంది.
ఖాళీగా వదిలేశాను.

ఈ ఉదయం లెక్క:
ముక్కులు పద్దెనిమిది, చేతులు ఆరు,
ఒక చెంప.
"చెంపా?"
లేయిదా జవాబివ్వకుండా మిగతా అద్దమంతా తుడుస్తోంది.
గుడ్డ ఇటివ్వండి, నేను తుడుస్తానన్నాను.
ఇవ్వలేదు.