ఎర్ర దారం

కరీమాబాద్ మిద్దె మీద
పెయింటు డబ్బాల్లో పొట్టి టమాట మొక్కలు.
విచ్చకముందే పువ్వు విప్పి
కేసరాలు పీకేస్తది సులోచన,
కనుబొమ్మలు తీసే చిమ్టతోనే.
పక్కింటి పొడుగు నల్ల టమాట పుప్పొడి
గోటితో అద్ది
కాడకు ఎర్ర దారం కడతది.
జాకెట్లు కుట్టంగ మిగిలిన దారం.

మొదటేడు మొలిచినవన్నీ
పిట్టగోడ దాటినయ్.
"పొట్టితనం ఏడబోయిందే?"
నవ్విండు మల్లేశం.
ఆమె గింజలు బూడిదల దాచింది.

రెండో ఏడు
ఇరవైల అయిదు
జానెడు లేచి ఆగినయ్, ముడతల ఆకులతో.
అందుల ఒక్కదాని కాయ
కాలిన ఇటుక రంగు.

ఉప్పన్న అద్దకుండ
సగం మల్లేశం చేతిల వెట్టింది.
నమలుడు ఆపి
మిగిలిన సగం దిక్కు చూసిండు.
అది అప్పటికే గిలాసల నీళ్లల్ల,
విత్తనాలకు.

ఆమె వేలు నాకుతున్నది.