కళ్ళజోడు మర్చిపోయాను

హాలిఫాక్స్ బస్ డిపోలో
మేడమెట్ల పక్కన నా గది.
తలుపు మీద ‘మానవ వనరులు’ అని రాసుంటుంది.
వనరు అంటే బొగ్గూ ఇనుమూ అనుకునేదాన్ని
ఈ ఉద్యోగంలో చేరేదాకా.

ఏప్రిల్‌కల్లా డీజిల్ బస్సులు పోతాయన్నారు.
వాటి చోట కరెంటువి వస్తాయి,
నీలం రంగువి, పిల్లిలా నడిచేవి.
నాకు మాత్రం పైనుంచి ఒక పట్టిక వచ్చింది:
ముప్పై నాలుగు పేర్లు, ఆరు ఆన్‌లైన్ పాఠాలు,
పూర్తయితే పచ్చ, కాకపోతే ఎరుపు.

ఒక్కొక్కరే పచ్చబడ్డారు.
క్లిఫర్డ్ సగ్డెన్ పేరొక్కటే
పండుమిరపకాయలా మిగిలింది.
మూడు మెయిళ్ళు పంపాను.
మూడోదాంట్లో ‘ఆఖరిసారి’ అన్న మాట ఉంది.
ఆ మాట నమూనా ఉత్తరంలోది.
సంతకం నాది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి.
కొండ దిగి బస్సు గేటు మలుపు తిరుగుతుంటే
టీ కప్పు పెదాల దగ్గరే ఆపి
‘మూడో సిలిండరు’ అనేవాడు.
మూత ఎత్తి చూస్తే మూడో సిలిండరే.
రేకు మీద అరచెయ్యి ఆనిస్తే చాలు,
నాడి దొరికినట్టు తలాడించేవాడు.

‘మొండిఘటం,’ అన్నాడు మేనేజరు,
‘ప్యాకేజీ ఇచ్చి సాగనంపు.’
నేను తలూపాను.
ఊపినట్టు ఏ ఫైల్లోనూ రాయలేదు.

ఫారం పట్టుకుని షెడ్డులోకి దిగాను.
బస్సు కడుపు కింద, గోతిలో ఉన్నాడు.
పైకొచ్చి, చేతులు తుడుచుకుని, కాగితం అందుకుని
చాలాసేపు చూశాడు.
చూపు మాత్రం ఏ వరుస వెంటా నడవలేదు.
‘కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా, లవ్. రేపు చూస్తా.’
ఇక్కడ అందర్నీ అలాగే పిలుస్తారు,
డ్రైవర్నీ, డ్రైవరు కుక్కనీ.

వెంట్రుకంత తీగని సందులోకి దూర్చడం
పొద్దున్నే చూశాను.
కళ్ళజోడు లేదప్పుడు.

గదికొచ్చి పాత ఫైలు తీశాను.
ఇరవై ఏళ్ళ ఫారాలు, ప్రతిదీ ఒక్కో దస్తూరీ.
ఒకటి గుండ్రంగా, భార్యదేమో.
ఒకటి క్లీనర్ నస్రీన్‌ది, నాకు తెలుసు ఆ వాలు.
సంతకమొక్కటే అతనిది,
నట్టు బిగించినట్టు, ఎప్పుడూ ఒకేలా, గీసిన బొమ్మ.

మేం ఏది అడిగినా రాతలోనే అడిగాం.
బాగున్నావా అన్నది కూడా
ఒకటి నుంచి ఐదు దాకా అంకెల్లో అడిగాం.

మర్నాడు షిఫ్టుకి ముందు, చీకట్లో,
రెండు కుర్చీలు, ఒక ఫ్లాస్కు.
‘నాకు బస్సుల గురించి ఏమీ తెలీదు,
నేను పైకి చదువుతాను, అర్థం మీరు చెప్పండి’ అన్నాను.
చాలాసేపు ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాడు.
‘మా అమ్మాయికి కూడా తెలీదు’ అన్నాడు.
నేను మొదటి పాఠం మొదలుపెట్టాను.

నారింజరంగు తీగ ముట్టే ముందు
ఎన్ని నిమిషాలు ఆగాలో
నాలుగో పొద్దుకి అతనే నాకు నేర్పాడు.

హెడ్డాఫీసుకి రాశాను, పరీక్ష నోటితో పెట్టమని.
కుదరదన్నారు.
పేరు చెప్పకుండా మళ్ళీ రాశాను,
ఒక్కరికని కాదు, కోరుకున్న అందరికీ అని.
మూడు వారాలకి సరేనన్నారు.
వినే పాఠం కావాలని చెయ్యెత్తినవాళ్ళు ఎనిమిదిమంది.
ఏడుగురు అప్పటికే పచ్చగా ఉన్నవాళ్ళు.
వాళ్ళ పాఠాలు ఎవరు నొక్కారో
నేనడగలేదు.

డెస్మండ్ మాత్రం ఉండలేదు.
సైరన్‌లాంటి నవ్వు, వెళ్ళిపోయాడు.
అతని మగ్గు ఇంకా సింకు పక్కనే ఉంది, కడిగి.

మొదటి నీలం బస్సు వానలో వచ్చింది.
అందరం షెడ్డు గుమ్మంలో నిలబడ్డాం.
టైర్ల కింద నీళ్ళు చీలిన చప్పుడు తప్ప ఏమీ లేదు.
క్లిఫర్డ్ కప్పు పెదాల దగ్గర ఆగింది.
అతని ముఖం చూడలేక
‘వెళ్దామా?’ అన్నాను.
మెడ వంచి, చెవి ఒగ్గి,
నూనె మరకల వేలు ఒకటి పైకెత్తి
‘ఉండు’ అన్నాడు.