ఏడో నంబరు

క్లాక్ టవర్ కాడ జహీర్ భాయ్ కొట్టుల
గాజుబల్ల మీద నాలుగు రకాలు పెట్టిండు.
నల్లటిది ఐదు వాట్లదట,
పట్టుకుంటే తూకం రాయి తీరు.
"దీనికి లైసెన్సు గావాలె పెద్దమ్మా,
లేకుంటే నీకు కేసు, నాకు తాళం"
తనే తీసి మళ్ల అల్మారల దాసిండు.

చిన్నదాని డబ్బా మీద
అయిదు కిలోమీటర్లని మనవరాలు చదివింది.
ఆయన నవ్విండు.
"అది రాసినోడు కోయిలకొండ చూడలే.
నడుమ గుట్ట అడ్డమొస్తే అర్ధం గూడ రాదు.
వాట్లకు పైసలు పోయకు,
గుండెక్కి మాట్లాడు."

నీలం దీపం వెలిగేది ముద్దుగనే ఉండె.
కరెంటు తాగేది నాకెందుకు,
మందల ప్లగ్గు ఏ గొర్రె చెవుల వెట్టాలె?
మూడు పెన్సిల్ సెల్లులు పట్టేది అడిగిన,
ఏ కిరాణం కొట్టుల అయినా దొరికేటియి.
రంగు పసుపుపచ్చ:
బోదగడ్డిల జారిపడితే కండ్లకు ఆనాలె.

రెండిటికి కలిపి ఒక పొట్టేలు పిల్ల పోయింది.
బేరమాడితే దాని చెవులు మిగిలినయ్.

ఎందుకంటవా,
పోయిన కార్తీకంల తోడేలు వడ్డనాడు
మా ఆయన గుట్ట మీదికెల్లి ఈలేసిండు.
గాలి ఆ ఈలను వేరే ఊరికిచ్చింది.
నా దాకా కుక్క ఒక్కటే వచ్చింది,
మూతికి నురుగు, చెవికి నెత్తురు.

ఇంటికొచ్చినంక రెండు దినాలు
నోరు తెరవలే, ఉత్తగ ఇన్న.
ఒకటో నంబరు వద్దనుకున్న:
డబ్బాలకెల్లి తీసిన ప్రతి సెట్టు అండ్లనే పుడతదట,
ఉర్సు నాటి బస్టాండు తీరు.
మూడు మీద కంకర మిషనోళ్లు
"ఎనకకు, ఎనకకు, ఇంక ఎనకకు, ఆగు"
పొద్దంతా ఒకే లారీ ఎనకకు పోతున్నట్టు.
అయిదు మీద పెండ్లి వీడియోలోళ్లు
"పిలగాని తల జర ఎత్తమనురా."
పిలగాడు ఎత్తిండో లేదో
గంట సేపు నాకు అదే రంధి.

ఏడు మీద ఎవ్వరు లేరు.
చాటల జొన్నలు చెరిగినట్టు సప్పుడు.
బీడు భూమి అది.
గొర్లోళ్లకు బీడు కంటే ఏం గావాలె?

"దీనికి టోను పెట్టుకోవచ్చు నానమ్మా,
వేరేటోళ్ల మాటలు మనకు రావు."
మన మాటలు వాళ్లకు పోవా?
"పోతయి."
అంటే గోడ గాదు బిడ్డా, చెవుల దూది.
తోడేలు తిరిగే కాడ దూది పెట్టుకుంటరా, తియ్.

అసలు తిప్పలు అటెంక మొదలైంది.
ముందుగల పిలిచేటోని పేరు, తర్వాత నీ పేరు,
మాట అయినంక "ఇగ నువ్వు" అనాలె,
జహీర్ భాయ్ నేర్పిన పద్ధతి.
నలభై ఏండ్లాయె,
ఆయన పేరు నా నాలిక మీద పడలే.
రేషన్ కాడ, ఓట్ల కాడ
పక్కదాని మోచెయ్యి పొడిచి చెప్పిస్తి.
"ఏయ్, ఇగో" అంటే
కంకర మిషనోడు గూడ పలుకుతడాయె.

మంద ముందర నడిచే గంట పొట్టేలు గుర్తొచ్చింది.
"గంటయ్యా" అన్న మొదటి దినం,
గొంగడి మీదికప్పుకొని, ఎవ్వరు చూడకుండ.
"గంటయ్యా, ఇగ నువ్వు."

జొన్నలు చెరిగిన సప్పుడు.
ఇంకింత సప్పుడు.
గుండెక్కుతున్నడేమో అనుకున్న.
పద్ధతి ఆయనకు గూడ నేర్పినమన్న సంగతి
నాకు సోయే లేదు.

"ఉసేనమ్మా" అన్నడు.

తల్లి పెట్టిన పేరు.
పెండ్లి పత్రిక మీద అచ్చయిన పేరు.
ఆ నోట్లెకెల్లి ఎన్నడు ఇననిది.
చెయ్యి దానంతట అదే బొత్తాన్ని ఒత్తి పట్టింది,
ఒత్తినంత సేపు నాకేం ఇనరాదని మర్చి.
ఎంత సేపు పట్టిన్నో,
వేలు తెల్లగయ్యింది.

వదిలినంక మళ్ల జొన్నల సప్పుడే.

నడుమ ఏమన్నవని రాత్రి బువ్వ కాడ అడిగిన.
తల ఎత్తలే.
"ఏం లే. సెల్లులు చూసిన."