నీలం

మా అన్న ఆల్రిక్‌కి తెలిసిన రంగు ఒక్కటే.
బర్మింగ్‌హామ్ ఊరంతా చుట్టి
ఎక్కిన చోటే దింపే పదకొండో నంబరు బస్సు నీలం.
అమ్మ వండిన కొబ్బరిపాల అన్నం నీలం.
నాకు టీచరు ఉద్యోగం వచ్చిన రోజు
రెండు బుగ్గలూ అరచేతుల్లో పట్టుకుని
"వెర్నెట్ నీలం" అన్నాడు.
అంతకన్నా పెద్ద బిరుదు నాకెవరూ ఇవ్వలేదు.

నలభై రెండేళ్ళ మనిషి. ఆరడుగుల పైన రెండంగుళాలు.
హ్యాండ్స్‌వర్త్ చర్చి గుమ్మంలో
వచ్చినవాళ్ళ తడి గొడుగులన్నీ తనే అందుకునేవాడు.
నొప్పి అనే మాట మాత్రం నోటికి పట్టుబడలేదు.
ఎక్కడైనా నొప్పి పుడితే
ముక్కుతో కూనిరాగం తీసేవాడు,
ఒకే స్వరం, మరగబోతున్న కెటిల్ లాగ.

ఆ సంగతి ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఊదారంగు కాగితంలో రాశాను,
పెద్ద అక్షరాలతో, కింద రెండు గీతలు గీసి.
మంచం కాళ్ళ దగ్గర క్లిప్పుకి వేలాడదీశారు,
రాసిన వైపు గోడకి.
చార్టులో నర్సు రాసింది:
"హుషారుగా ఉన్నాడు. పాడుతున్నాడు."

మూడో రాత్రి చేతికున్న సూది పీకేశాడు.
డాక్టరుకంటే ముందు సెక్యూరిటీ వచ్చారు, ముగ్గురు.
"మీవాడికి కోపం ఎక్కువా?"
పక్క మంచం మీద ఒక తెల్ల కుర్రాడు,
మాటల్లేని మనిషే అతనూ,
పొద్దున అన్నం ట్రే విసిరికొట్టాడు.
"భయపడ్డాడు పాపం" అని దుప్పటి తెచ్చి కప్పారు.
ఆ దుప్పటి మీద నాకు కన్ను లేదు.
బీరువాలో రెండోది ఉండే ఉంటుంది కదా అని, అంతే.

పదకొండో రోజున ఇంటికి పంపేశారు.

ఆ రాత్రి ఫోన్లో అడిగారు:
"పెదవులు నీలంగా మారాయా?"
టేబుల్ లైటు మొహం దగ్గరికి లాగి చూశాను.
అమ్మ పోలిక పెదవులు,
పుట్టిన నాటినుంచీ ముదురు రంగువే.
ఎవరి పెదవుల్ని చూసి తయారుచేశారో ఆ ప్రశ్న.
"మా మీద నీలం ఎలా కనబడుతుందండీ?"
అవతల కాసేపు ఏమీ లేదు.
తర్వాత అదే ప్రశ్న, అదే గొంతు.
వేలికి తగిలించిన క్లిప్పు తొంభై నాలుగు చూపించింది.
నల్ల చర్మం మీద అది కాస్త ఎక్కువే చెబుతుందని
నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

స్పీకర్లోంచి తనకీ వినబడింది ఆ మాట.
కూనిరాగం ఆగింది.
కళ్ళు విప్పి ఫోను వైపు చూసి
"నీలం" అన్నాడు, ఇష్టంగా.
"అవును, నీలమే" అన్నాను నేనూ.
అంబులెన్సు అప్పుడు బయల్దేరింది.
దాని లైట్లు మా వంటింటి గోడ మీద తిరుగుతుంటే
స్ట్రెచర్ మీంచి వాటిని పేరు పెట్టి పిలిచాడు,
ఒక్కోదాన్నీ.

మరణం మీద సమీక్ష అని మూడు నెలలకి ఒక ఫారం వచ్చింది.
జాతి అన్న గడిలో ఎవరో ముందే టిక్కు పెట్టారు: "తెలియదు."
పదకొండు రోజులు వాళ్ళ కళ్ళెదుట పడుకున్న మనిషి.
అది కొట్టేసి సరిచేశాను.
కింద, మీరింకేమైనా చెప్పదలిచారా అని
మూడు ఖాళీ గీతలు.
మొదటి దాని మీద రాశాను:
అతను పాడలేదు.