ఉత్తుత్తి ఎన్నిక

మూడు రోజులు నడిచాం,
ఓటు యంత్రాన్ని కంచరగాడిద వీపుకి కట్టి.
నాలుగు రంగుల మీటలు. నాలుగూ లేని పార్టీలవే.
భూటాన్ అంతటా రాజుగారి ఆజ్ఞ:
ఇకమీదట మిమ్మల్ని మీరే ఏలుకోండి.
ముందు ఒకసారి ఉత్తుత్తిగా ఏలుకుని చూడండి.

దారిలో తాందిన్ అన్నాడు, గాడిదల్ని అదిలిస్తూ:
"ముందు నడిచే ఆ ముసలిదాన్ని చూశారా బాబూ,
దానికెవరూ ఓటెయ్యలేదు. దానికి దారి తెలుసు, అంతే."
కాసేపాగి తనే అన్నాడు:
"నిరుడు రెండింటిని లోయలోకి దింపిందీ అదే."

కనుమ దిగితే ముప్పై ఇళ్ళు.
కప్పుల మీద ఎర్రగా ఎండుతున్న మిరపకాయలు.
బడిగదిలో నల్లబల్ల మీద రాశాను,
ఆఫీసులో నాకు నేర్పిన వరసలోనే:
ఒక్కడే ఏలితే ఒక పేరు,
కొందరు కూడి ఏలితే ఇంకో పేరు,
తుపాకీ ఏలినా దానికీ ఓ మర్యాదైన పేరుంది.
అందరూ ఏలితే, అని రాయబోతే
సుద్దముక్క విరిగింది.

మంచుకొండల అవతల ఒకటే పార్టీ అన్నాను.
అక్కడా చేతులెత్తుతారు,
అన్నీ ఒక్కసారే లేస్తాయి, ఒక్కటీ ఆలస్యం కాదు.
దక్షిణాన మైదానంలో మైకులు, బొమ్మలేసిన గోడలు,
గోడ మీద బొమ్మకీ గోడ యజమానికీ తగువు.
అక్కడ చదువుకునే రోజుల్లో
ఓడిన మంత్రి ఒకాయన మర్నాడు వానలో
తన గొడుగు తనే పట్టుకుని బజారుకి పోవడం చూశాను.
అది చెప్పాలనిపించింది. పాఠంలో లేదు.

వెనక వరసలోంచి నామ్గే బిధా లేచింది.
"రాజుకి ఒంట్లో బాగాలేదా?"
బాగానే ఉన్నారమ్మా.
"మరి మేమేం తప్పు చేశాం?"

రాసిచ్చిన జవాబే అప్పజెప్పాను:
ఈయన మంచివాడే,
తరవాత వచ్చేవాడు ఎలాంటివాడో ఎవరికి తెలుసు?

ఆమె చాలాసేపు నేలకేసి చూసింది.
"మా ఆయన మంచివాడు," అంది.
"ఆయన పోయాక వచ్చినవాడు
ఉప్పుడబ్బాకి తాళం వేశాడు. పదకొండేళ్ళు.
నా ఇల్లే. నా ఉప్పే."
గదిలో ఎవరూ దగ్గలేదు.
అంతలో తనే నవ్వేసింది:
"రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అనేవారు.
ఇప్పుడు ఓట్లకీ కొదవ లేదన్నమాట!"

తెర వెనక అందరికన్నా ఎక్కువసేపు ఉంది.
యంత్రం కీచుమంది. అయినా రాలేదు.
వచ్చాక చెప్పింది,
నొక్కని మూడు మీటలకీ దణ్ణం పెట్టానని,
మనసులో ఏమీ పెట్టుకోవద్దని.

సాయంత్రం లెక్క చదివాను.
పసుపుకి అరవై. రాజుగారి శాలువా రంగు.
నీలానికి లేదు, ఆకుపచ్చకి లేదు.
ఎరుపుకి ఒకటి.

ఒకటి అనగానే చప్పట్లు ఆగిపోయాయి.
పొయ్యి చుట్టూ కూచుని
జున్నూ మిరపకాయల కూర తింటూ
ఒకరి గిన్నెలోకి ఒకరు చూసుకున్నారు.
ఎవరూ అడగలేదు.
తాందిన్ మాత్రం ఆ పెట్టె కేసి చూసి
"దానికి తెలుసు, నా గాడిదలాగే చెప్పదు," అన్నాడు.

తెల్లారి చినుకులు.
పెట్టెకి గోనెపట్టా కప్పుతుంటే వచ్చింది నామ్గే బిధా,
చేతిలో ఎండు జున్ను దండ.
"ఆ ఎరుపు నొక్కిన మనిషిని ఏం చేస్తారు?"
ఏమీ చెయ్యరు.
"ఏమీనా?"
ఏమీ.
"మరి ఓడిన మనిషిని?"

అప్పుడు చెప్పాను గొడుగు సంగతి.
బజారు, బురద, ఎవరూ పక్కన లేకపోవడం,
కూరల దుకాణం ముందు ఆయన బేరమాడటం.

శ్రద్ధగా విని అడిగింది:
"తడిశాడా?"
లేదమ్మా. చెప్పులే కాస్త.
"అయితే ఫర్లేదు," అంది,
దండ నా మెడలో వేసి
వానలోకి నడిచింది.