పరిస్థితి అదుపులో ఉంది

అన్న ఉత్తరాల్లో మొదటి పేజీ అంతా తిండే.
మా అమ్మకి కావలసిందీ అదే.
డబ్బాల్లో వచ్చే బఠాణీలు, ఇసుక కలిసిన చపాతీలు,
ఆదివారం ఒక గుడ్డు,
ఆ గుడ్డుని పేకాటలో ఓడిపోయిన నెల్లూరు పెంచలయ్య.
"ఓడిపోయింది వీడే,
పెంచలయ్య మీద పెడుతున్నాడు చూడు"
అనేది అమ్మ, చేటలో రాళ్ళేరుతూ.

సముద్రానికి అవతల ఎవరిదో ఇంటిపోరు.
మధ్యలో నిలబడమని పంపారట మా గంగరాజుని.
మధ్య అంటే ఎక్కడో
ఏ ఉత్తరంలోనూ రాలేదు.
ఊరి పేరున్న చోటల్లా
ఎవరో నల్లసిరాతో అలికేసేవారు.

"తాటిచెట్లు అచ్చం దివిసీమలోలాగే ఉన్నాయి,
సగం వాటికి తలల్లేవు, అంతే తేడా.
గుడారం తాడు మీద చొక్కా ఆరేస్తే
తెల్లారేసరికి ఉప్పు తేలుతుంది.
కాపలాలో నిద్ర ఆపుకోడానికి
చిట్టినగర్ మెట్లు లెక్కపెట్టుకుంటాను.
మన గుమ్మం దాకా నూటపద్నాలుగు.
అరవై రెండోది విరిగింది కదా, బాగుచేశారా?"

చెయ్యలేదు.
చేశారని రాశాను.

ఎనభై ఎనిమిది డిసెంబరు చివర్లో
మా ఊరే అంటుకుంది.
ఎందుకో, ఎవరివల్లో నేను చెప్పను,
ఎవరి కథ వాళ్ళ దగ్గరుంది.
కొండ మీది ఇల్లు కాబట్టి
అన్నీ కనిపించేవి, ఏదీ తెలిసేది కాదు.
కాలవ గట్టు వైపు పొగ,
కాలిన టైర్ల వాసన దుప్పట్లలో కూడా.
మా ఆయన లారీతో నందిగామలో ఆగిపోయాడు.
కుళాయేమో మెట్ల కింద.

సడలింపు రెండు గంటలు.
బిందెలు ముందు పరిగెత్తేవి, వెనక మేము.
మలుపులో తుపాకీతో ఒక జవాను,
మీసమైనా సరిగా రాలేదు వాడికి.
"పానీ, మాజీ" అన్నాడు.
అమ్మ బిందె చంకకెత్తుకుని
విననట్టే ఎక్కేసింది.
నూటపద్నాలుగు మెట్లూ నోరు విప్పలేదు.

జనవరిలో వచ్చింది ఉత్తరం.
ఈసారి తిండి లేదు.

"ట్రాన్సిస్టర్‌లో రాత్రి విజయవాడ తగిలింది,
మధ్యమధ్య సింహళం పాట అడ్డొస్తూ.
పరిస్థితి అదుపులో ఉంది, అన్నారు.
చెల్లీ, నా కాళ్ళు చల్లబడిపోయాయి.
రోజూ సాయంత్రం ఆరింటికి
వైర్‌లెస్‌లో ఆ మాట చెప్పేది నేనే.
ఆవేళ ఏం జరిగినా అదే చెబుతాను.

కాబట్టి విను.
కిటికీ దగ్గర పడుకోవద్దు.
నేల మీద, లోపలి గోడకి ఆనుకుని.
చంటోడి నోట్లో బెల్లం ముక్క పెట్టు, ఏడవడు.
మీ ఆయన ఊళ్ళో లేకపోతే
మగ చెప్పులు గుమ్మం ముందు ఉంచు.
ఎవరు నేర్పారని అడక్కు.
మేం సోదాకెళ్ళిన ఇళ్ళలో
వాళ్ళెలా ఉంటారో అదే రాస్తున్నాను."

ఆ తర్వాత మూడు వరుసలు నల్లసిరా.
బల్బుకి అడ్డం పెట్టి చూశాను.
"బావి" అని ఒక మాట.
"చేద", కొంచెం ఎడంగా.
చివర్లో "అమ్మ వయసే ఉంటుంది".

"ఇచ్చిందా?" అంది అమ్మ.
"ఏమిటి?"
"నీళ్ళు. ఆవిడ."
సిరా కింద ఉంది, అన్నాను.
"సరిగ్గా చూడు."
చూశాను. కాగితం వేడెక్కిందే గానీ
సిరా కదల్లేదు.

మర్నాడు సడలింపు మొదలుకాగానే
ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పట్టుకుని
అమ్మ ఒక్కతే దిగింది.
ఎదురు నీళ్ళు మోసుకెళ్ళడమేమిటని
పక్కింటి నూకాలమ్మ నవ్వింది.
మలుపులో మనిషి మారిపోయాడు.
ఈయన పెద్దవాడు, నడుముకి నీళ్ళసీసా,
చెంబు చూసి, చెయ్యి అడ్డంగా ఊపాడు.
అమ్మ ఇంకాసేపు అలాగే నిలబడింది,
కుర్రాడు ఎక్కడున్నాడని
ఏ భాషలో అడగాలో తెలియక.

చెంబు ఒలక్కుండా ఎక్కుతూ
అరవై రెండో మెట్టు మీద కూర్చుండిపోయింది.
సైరన్ మోగినా లేవలేదు,
నేను వెళ్ళి రెక్క పట్టుకుని లేపాను.

రాత్రి కిటికీకి దూరంగా, నేల మీద,
ఉత్తరం రాయమంది.
ఏం రాయను?
చాలాసేపు పైకప్పు చూసి,
"గుడ్డు తింటున్నాడేమో అడుగు" అంది.
"పెంచలయ్య గుడ్డు కాదు, వాడిది."